ఏరేసినోళ్లు ఏరీ?

ఇద్దరు పెద్దమనుషులకు ఒకే ఆదివారం, ఒకే పదకొండు గంటలకు రమ్మని కబురు పంపి, ఏమీ ఎరగనట్టు బీడీల తునికాకు నీళ్లలో నానబెట్టుకున్న రాజవ్వ దగ్గర పోయిన వారం ఆగాం. ఆదివారం వచ్చింది. పదకొండు కొట్టింది. ఆకు మెత్తబడింది. రాజవ్వ మాత్రం మెత్తబడలేదు.

అసలు గొడవ ఇదీ. మూడు వారాల కింద కోరుట్ల బైపాస్ మీద లారీ తగిలి పడి ఉన్న ఆడకుక్కను జగిత్యాల ‘మూగజీవుల మహామైత్రి సమితి’ వాళ్లు వ్యాన్‌లో ఎక్కించి, వీడియో తీసి, రాజవ్వ వాకిట్లో దింపిపోయారు. ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని, పెంచుకునేవాళ్లు దొరికేదాకా సాకమన్నారు. దాన్ని ఫోస్టర్ అంటారట. ఇంగ్లీషులో ఏమన్నా సరే, తెలుగులో అది పెంపకంతో మొదలై పంపకంతో ముగిసే పని. ఎండిన తునికాకు రంగులో ఉందని రాజవ్వ దానికి తునికి అని పేరు పెట్టింది. వెనక కుడికాలు నేలకు ఆనించదు కాబట్టి ఆమె పెనిమిటి జలపతి ‘ముప్పావు’ అని పేరు పెట్టాడు. జలపతి పద్దెనిమిదేళ్లు మస్కట్‌లో పనిచేసి పోయిన ఏడాదే ఇల్లు చేరిన మనిషి. “ఇంటికస్తె నా మంచం నాకుంటదనుకున్న. మంచం కిందికెళ్లి ఇది గుర్రుమంటది” అని రోజుకొకసారి ఆయన కూడా గుర్రుమంటాడు.

ఇప్పుడు సమితి వాళ్లు కొత్త పాట ఎత్తుకున్నారు. తునికిని వెనక్కి తీసుకుపోతారు, బదులు ఆరోగ్యమైన కుక్కను ఇస్తారు. రాజవ్వ శాశ్వత ఒప్పందం మీద సంతకం పెట్టాలి. పెట్టాక మరొకరి జంతువును ఇంట్లో సాకకూడదు. అదే వారంలో సిరిసిల్ల అమీనుద్దీన్ కూడా తన జంతువులను సాకమని అడిగాడు. పశువుల దవాఖానలో అటెండర్‌గా రిటైరై, మూతపడ్డ మరమగ్గాల షెడ్డులో దెబ్బతిన్న జంతువులను చూసుకుంటున్నవాడు. బిడ్డ షాజియాను కోరుట్లలోనే ఇచ్చాడు గనుక వచ్చిపోతుంటాడు. రాజవ్వకు ఇల్లొకటి, చోటొకటి, కుక్కొకటి. ఎవరి తరఫున సాకాలి? సాకడం రానివాళ్లకు సాకులుంటాయి. రాజవ్వకు సాకడం వచ్చు, సాకులు రావు. అందుకే ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టదలచుకుంది.

ముందు వచ్చింది వ్యాను. వ్యాను కంటే ముందు దాని మీది పాట. పాట ఆగాక దిగినవాడు గంగాప్రసాద్, సమితి వ్యవస్థాపక అధ్యక్షుడు. జగిత్యాల చుట్టూ ప్లాట్లు వేసి అమ్మడం ఆయన వృత్తి. అంటే వారంలో ఆరు రోజులు గుంటల వ్యాపారం, ఏడో రోజు కుంటివాటి మీద కనికరం. ఆయన వెనక ఫోన్ పైకెత్తి పట్టుకుని ఇరవై రెండేళ్ల సంగీత దిగింది. సమితి వీడియోలన్నీ ఆ పిల్లవే. సిరిసిల్లలో రీలంటే దారం చుట్టుకునేది. జగిత్యాల సమితిలో రీలంటే జనాన్ని చుట్టుకునేది.

అమీనుద్దీన్ బస్‌స్టాండ్ నుంచి నడిచి వచ్చాడు. చెప్పులు వాకిట్లో విడిచి, ఎవరినీ పలకరించకముందే గడప దగ్గర వంగి లోపలి మంచం కింద తునికి కాలు వైపు చూశాడు.

“ఏమే,” అన్నాడు జలపతి, ప్లాస్టిక్ కుర్చీలో సర్దుకుంటూ. “పెండ్లిసూపులకు ఇద్దరు పిలగాండ్లను ఒక్కపారే పిలుస్తరా ఏడనన్న?”

“పిల్లనిచ్చెటోళ్లు ఆళ్లు,” అంది రాజవ్వ. “మనది అత్తగారిల్లు. పిల్లనెట్ల సాదిండ్రో మనం అడగాలె.”

గడపకు లోపలి వైపు గోనెసంచి మీద కూర్చుంది. ఒళ్లో చాట. చాటలో కత్తిరించిన ఆకు, తంబాకు, దారం. మాటలు నోటివి, బీడీలు చేతివి. ఒకదాని కోసం ఇంకోటి ఆగే అలవాటు ఆమెకు లేదు.

గంగాప్రసాద్ మొదలుపెట్టాడు. సమితికి మైత్రి తక్కువ, మైకు ఎక్కువ. మైకు లేకపోయినా గొంతు అలాగే అలవాటైపోయింది.

“రాజవ్వక్కా, నేను సుత బీడీలు జేసినామె కడుపుల పుట్టినోన్నే. మా అవ్వ మొగిలవ్వ బీడీలు జేసే నన్ను సదివిచ్చింది. గందుకే నీ ఇల్లంటె నాకు మా ఇల్లే. జూడు, నాలుగొందల పన్నెండు రెస్క్యూలు. సావులు జీరో! తెలంగాణల ఎవనికన్న ఉన్నదా గసొంటి రికార్డు? ఫాలోవర్లు అరువై వేలు. గీ టీషర్టు నీకు, గీ శాలువ నీకు. సంగీతా, శాలువ కప్పేటప్పుడు దగ్గరికెళ్లి తియ్యి.”

తునికికి వెంట్రుకలు ఊడి ఒళ్లంతా వణుకుతుంటే శాలువా మాత్రం రాజవ్వకు తెచ్చారు. ఆమె దాన్ని అందుకుని, విప్పి, మంచం కిందికి తోసింది. కుక్క దాని మీద ముడుచుకుని పడుకుంది.

“అది నీకక్కా!”

“నాకిచ్చినవు గద. నా ఇష్టం. కూసో తమ్మీ, ఒకటే ముచ్చటడుగుత. ముప్పై ఎనిమిదేండ్ల సంది బీడీలు జేస్తున్న. పనిచ్చే టేకేదార్లను నలుగురిని మార్చిన. ఎవలి తాన పని తీస్కోవాల్నో నేనెట్ల జూస్తనో ఎర్కేనా?”

“పేరు జూస్తవు.”

“పేరు గోడ మీదుంటది. మంచి కట్టలు బల్ల మీదుంటయి. అయ్యి అందరు జూపిస్తరు. నేను ఏరేసిన బీడీలు ఏడ వెట్టిండో జూస్త. ‘ఇది మంచిగలేదు’ అని పక్కకు తీసినయి నా కండ్ల ముందటనే తుంపి పారేసిండా, ఆడు సక్కటోడు. తియ్యి. గుడ్డ గప్పి మంచం కిందికి జరిపిండనుకో, చెడ్డదని నాకు జెప్పి మంచిదని బజార్ల అమ్ముకునెటోడు. సంచి దులుపుకొని అదే దినం లేసస్త.”

బీడీ మూతి మడిచి, వేలితో నొక్కింది.

“నీ మంచి కట్టలు ఫోన్ల జూసిన తమ్మీ. నాలుగొందల పన్నెండు. సంబురమే. నీ ఏరేసినయి జూపియ్యి. సచ్చినయెన్ని? ఎవలు పెంచుకోకుంట మిగిలినయెన్ని? మిగిలినయి గిప్పుడు ఏడున్నయి?”

గంగాప్రసాద్ నవ్వాడు. ఈ ప్రశ్న ఆయనను ఇంతవరకు ఏ రిపోర్టరూ అడగలేదు.

“మా దాంట్ల ఏరేసుడే లేదక్కా. మిగిలినయి ఫారానికి షిఫ్ట్ చేస్తం. గొల్లపల్లి దిక్కు, ఎనిమిదెకరాలు.”

“షెడ్లున్నయా?”

“ఉంటయి.”

“నీళ్లు?”

“ఉంటయి.”

“కావలి?”

“ఉంటడు.”

ఉంటాయి, ఉంటాయి, ఉంటాడు. ‘ఉన్నాయి’ అనే ముక్క మాత్రం ఆయన నోట ఉండలేదు. సంగీత ఫోన్ ఇంకా పట్టుకునే ఉంది గానీ చూపు ఫోన్‌లో లేదు.

“తునికిని గూడ గాడికే కొంటవోతరా?” అడిగింది రాజవ్వ.

“ఫారమైతె దానికి ఫ్రీగా ఉంటదక్కా. నీకు మంచి లాబ్రడార్ ఇస్త. వీడియోల మస్తు గనవడ్తది.”

రాజవ్వ అమీనుద్దీన్ వైపు తిరిగింది. “అన్నా, నీ ఏరేసినయో?”

అమీనుద్దీన్ మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. ఆయన షెడ్డుకు బోర్డు లేదు, ఫాలోవర్లు లేరు. తిండి వేళకు వెంటపడే నాలుగు కాళ్ల ఫాలోవర్లను లెక్కలోకి తీసుకుంటే ముప్పై దాకా ఉంటారు.

“ఈ ఏడాది పందొమ్మిది సచ్చినయి చెల్లె,” అన్నాడు.

జలపతి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

“బ్రిడ్జి కాడ దొర్కిన తెల్లపిల్లి. పేగులు బయటికచ్చినయి, కుట్లేసినం, రెండు దినాలున్నది. ముస్తాబాద్ నుంచి ఆటోల తెచ్చిండ్రు ఒక మేకపిల్లను, కుక్కలు గరిసినయి. ఆటో దిగంగనే పోయింది. కోనరావుపేట కుక్కలు రెండు. ఒకదానికి నడుం ఇరిగింది, డాక్టర్ సాబే సూదేసి పండవెట్టిండు. నేనే తలకాయ పట్టుకున్న.” మోకాళ్ల మీది చేతులు ఒళ్లోకి తీసుకున్నాడు. “ఇగ ఆరు పిల్లలు నా తప్పుకు పోయినయి.”

“నీ తప్పా?”

“పార్వో అంటరు, కుక్కపిల్లలకు రక్తం విరేచనాలు. రోగమున్న పిల్లనొకదాన్ని తెచ్చిన. జాగ లేదని మిగిలినయాటితోని ఒక్క షెడ్డుల గట్టేసిన. వారంల ఏడుకు ఏడు పోయినయి. తెచ్చినదాన్ని ఇడిసిపెట్టు, కడుమ ఆరింటిని నేను సంపినట్టే గద. గప్పటి సంది కొత్తగచ్చినదాన్ని షెడ్డుల గట్టేస్తలేను. పదిహేను దినాలు వేరే ఇంట్ల ఉంచాలె. గందుకే నీ వాకిలికచ్చిన. నాకు ఇండ్లు గావాలె.”

“ఇనుండ్రి!” గంగాప్రసాద్ తొడ చరిచాడు. “తన చేతుల సస్తయని తనే జెప్తుండు! మా తాన సున్న, ఈయన తాన పందొమ్మిది. ఇగ ఎంచుకునుడేముందక్కా?”

“ఉన్నది,” అంది రాజవ్వ. “మనుషుల దవాఖాన్లనే సావులుంటయి. పెద్ద పెద్ద డాక్టర్లుండంగనే ఉంటయి. నీ తాన సావు సుట్టపుసూపుకు సుత రాలేదా తమ్మీ? గట్లయితె నిన్ను గుళ్లె కూసోవెట్టాలె.” మళ్లీ అమీనుద్దీన్ వైపు చూసింది. “అన్నా, తునికి కాలు జూడు. పోయినసారి ఈళ్లు బెణికిందన్నరు. పసుపు వెట్టుమన్నరు.”

అమీనుద్దీన్ నేల మీద పడుకుని మంచం కింద చెయ్యి పెట్టాడు. తునికి పళ్లు బయటపెట్టింది గానీ కరవలేదు. చాలాసేపు అక్కడే ఉన్నాడు. లేచి చేతులు కడుక్కున్నాడు.

“బెణుకుడు గాదు. ఎముకిరిగింది. పంజ చల్లవడ్డది, వాసన షురూ అయింది. కాలు తీసెయ్యాలె చెల్లె. కరీంనగర్ల డాక్టర్ సాబ్ ఉన్నడు, ఈ రెండు మూడు దినాలల్లనే కొంటవోవాలె. నాకు వ్యాన్ లేదు, బస్సుల తీస్కరానియ్యరు, ఆటో మాట్లాడాలె.”

“తీసేస్తె బతుకుతదా?”

“తీసేస్తె బతుకుతదని రాసియ్యలేను. తియ్యకుంటె బతుకదని రాసిస్త.”

ముప్పావు అని పేరు పెట్టిన మనిషి కుర్చీ చేతిని గీరుతూ కూర్చున్నాడు.

“గిదే జెప్తున్న!” గంగాప్రసాద్ లేచి నిలబడ్డాడు. “దీనికి ఆపరేషన్లు, కట్లు... నీకెందుకక్కా పరేషానీ? ఫారంల ఏస్తం. సంగీతా, గొలుసు తే.”

సంగీత ఫోన్ దించింది.

“సార్, బంటి సంగతి సుత జెప్పుండ్రి.”

“ఏ బంటి?”

“ఫారం లేదు పెద్దమ్మా.” ఆ పిల్ల రాజవ్వతోనే అంది, ఆయన వైపు చూడకుండా. “సార్ ప్లాట్లున్నయి గాడ. హద్దురాళ్లు పాతిండ్రు. షెడ్డు లేదు, నీళ్లు లేవు. కుక్కలను దించుతం, ‘కొత్త జీవితం’ అని నేను వీడియో తీస్త, మళ్లొస్తం. నాలుగుసార్లు పోయినం. పోయినసారి బంటి. దానికి కండ్లు గనవడవు. వ్యాన్ సప్పుడు ఎంబడి ఉరికింది. ఒక రాయికి తాకింది, లేసింది, మల్ల ఉరికింది. నాకు జూడబుద్ధి గాలే. నేను... అద్దం ఎక్కిచ్చుకున్న.”

రాజవ్వ చేతిలో సగం చుట్టిన బీడీ విడిపోయి తంబాకు చాటలో రాలింది. మాట కోసం చెయ్యి ఆగడం ఆ ఇంట్లో అదే మొదలు.

“నీ ఏరేసినయి గాడున్నయన్నట్టు,” అంది.

గంగాప్రసాద్ ముఖం నుంచి అక్కాచెల్లెళ్ల వరస దిగిపోయింది. “జూడు రాజవ్వ. ఆ కుక్క సమితిది. మూడు వారాల కింద నువ్వే సంతకం వెట్టినవు. ఎప్పుడడిగితె గప్పుడు ఇయ్యాలె అని రాసున్నది. ఇయ్యకుంటె దొంగతనం కిందికస్తది. అరువై వేల మంది జూస్తరు, కోరుట్ల రాజవ్వ కుక్కను దొంగిలించిందని!”

“గా కాయితం నేను సదివిన,” అన్నాడు జలపతి. ఇంతసేపటికి ఆయన గొంతు లేచింది. “మస్కట్ పోంగ ఇసొంటిదాని మీదనే సంతకం వెట్టిన. పనోడు పనికాడుంటడు, పాస్‌పోర్ట్ కఫీల్ అల్మారిల ఉంటది. కఫీలంటె పనికి పిలిపిచ్చుకున్న సేటు. ఆయన పొమ్మంటె పోవాలె, ఉండుమంటె ఉండాలె. కాలిరిగినోన్ని ఎడారి క్యాంపుకు షిఫ్ట్ జేస్తమనేటోళ్లు. ఆడికి పోయినోడు మల్ల ఫోన్ జెయ్యలేదు. నాకు కఫీల్ ముచ్చట జెప్పకు పటేలా. పద్దెనిమిదేండ్లు సదివిన.”

“ముసలోనివి, నువ్వు ఊకో!” గంగాప్రసాద్ సంగీత భుజం మీది గొలుసు లాక్కున్నాడు. గడప వైపు వచ్చాడు.

రాజవ్వ లేవలేదు. ఒళ్లోని చాటను రెండు చేతులతో ఎత్తి గడప మీద అడ్డంగా పెట్టింది.

“దాటు,” అంది.

కోరుట్లలో గానీ, బీడీల మీద బతికిన ఏ ఊళ్లో గానీ చాట ఎవరూ దాటరు. అన్నం తట్టనైనా ఆకలి మీద దాటుతారేమో గానీ చాటను దాటరు. పాకే పిల్లలు దాటబోతే ఎత్తి అవతల పెడతారు. నడిచే పిల్లలు దాటితే వీపు విమానం మోత మోగుతుంది. గంగాప్రసాద్ కాలు లేచింది. లేచిన కాలు చాట మీద గాల్లో నిలిచింది. మొగిలవ్వ పోయి ఆరేళ్లయింది. కానీ ఆమె చెయ్యి ఎంత బరువో ఆ కాలికి ఇంకా తెలుసు. జగిత్యాల జాగిలాల జనాధ్యక్షుడు, అరవై వేల మంది అభిమాన నాయకుడు, ఒంటికాలి మీద తునికి కంటే అధ్వానంగా ఊగాడు. కాలు వెనక్కే పెట్టాడు.

“వీడియో వెడ్త,” అన్నాడు. గొంతు చిన్నబోయింది.

“వెట్టు. నా మొఖం సక్కగ వడేటట్టు తియ్యి. ఇంటి నంబర్ సుత జెప్పు, దొర్కవట్టక ఇబ్బందివడ్తరు అరువై వేల మంది.” రాజవ్వ అమీనుద్దీన్‌ను చూసింది. “అన్నా, నీ తాన సంతకం వెట్టే కాయితమున్నదా?”

“లేదు చెల్లె.”

“పీడవాయె. ఇయాల్టి సంది నీ దిక్కు సాకుత. సస్తె సచ్చిందని జెప్పాలె నాకు. దాసిపెట్టుడు నడువది.”

“దాయ. కని నాదొక షరతున్నది. మంచిగైనంక నేనొచ్చి తీస్కపోత. పెంచుకునెటోళ్లకిస్త. నువ్వేడ్సినా తీస్కపోత. ఏడుస్తవు, అందరేడుస్తరు. ఉంచుకుంట అంటె తర్వాత దానికి జాగుండది.”

మంచం కింద శాలువా కదిలింది.

“ఏడుస్త,” అంది. “తీస్కపో.”

ఒప్పందం అయిపోయింది. సంతకం లేదు, ఫ్లెక్సీ లేదు, చప్పట్లు లేవు. ఫోస్టర్‌కు పోస్టర్ అక్కర్లేదని కోరుట్లలో ఒక వాకిలి తేల్చేసింది. జలపతి అప్పుడే ఆటో అతనికి ఫోన్ కలుపుతున్నాడు, కరీంనగర్ పోవడానికి.

ఫోన్ మోగుతుండగా వ్యాన్ లోపలి నుంచి ఒక మూలుగు వినిపించింది. సన్నగా, రేకుకు గోళ్లు గీసుకుంటున్నట్టు.

అందరూ అటు తిరిగారు. సంగీత మాత్రం తిరగలేదు.

“పెద్దమ్మా,” అంది. “ఇయాల సుత గొల్లపల్లికి పోయేదున్నది. ఈడికెళ్లి తునికినెక్కిచ్చుకొని సీదా ఆడికే. లోపట అయిదున్నయి. రెండిటికి పాలు మరువలేదు ఇంక.”

రాజవ్వ గడప పట్టుకుని లేచింది. ఆమె ఇంట్లో ఉన్నది ఒక్క కుక్క చోటు. అమీనుద్దీన్ షెడ్డులో కొత్తవాటిని కట్టే చోటే లేదు. ఇద్దరికీ ఆ లెక్క తెలుసు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“తలుపు తియ్యి తమ్మీ,” అంది రాజవ్వ.

“దా, తీస్త!” గంగాప్రసాద్ అప్పటికే డ్రైవర్ సీట్లో ఉన్నాడు. తలుపు ధడేలుమంది. పాట మొదలైంది, పాట కింద ఇంజను మొదలైంది. “నీ ఇంట్లదే గదా నీకు గావాలె? ఉంచుకో! ఇయ్యి నీకెందుకు?”

రాజవ్వ వ్యాన్ వెనక తలుపు పట్టుకుంది. తాళం వేసి ఉంది. అమీనుద్దీన్ కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. సంగీత రోడ్డు మీద నిలబడి, ఎవరూ చెప్పకుండానే, ఫోన్ మళ్లీ పైకెత్తింది.

బండి కదిలింది. కదిలి రెండు మూరలు పోయి ఆగింది. బంపర్ ముందు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని జలపతి కూర్చున్నాడు, చెవి దగ్గర ఇంకా ఫోన్ పెట్టుకునే ఉన్నాడు.

“లెవ్వు ముసలోడా! మీదికెళ్లి పోనిస్త!” హారన్ మోగింది. గల్లీలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

“ఆఁ, బాబూ, ఒక్క కుక్క గాదు,” అంటున్నాడు జలపతి ఫోన్‌లో. “ఆరైనయి. పెద్ద బండి తే.”

ఇంజను గట్టిగా అరిచింది. బంపర్ వచ్చి ఆయన మోకాళ్లకు ఆనింది. జలపతి ఫోన్ జేబులో వేసుకుని, కుర్చీ రెండు చేతులు గట్టిగా పట్టుకుని, అద్దం లోపలికి చూశాడు.

“ఇంక జర ముందటికి రా కొడుకా.”